పక్క మడి నల్లగా ఉంది, నా మడి ఎందుకు లేదు?

నాట్లు అయిపోయి పైపాటు ఎరువుల వేళ నడుస్తోంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నత్రజని గురించే. కొందరికి యూరియా చాలలేదు, కొందరికి వేసినా పని చేయలేదు. ఒకరిద్దరు అసలు ఎందుకు వేయాలని అడిగారు. అందుకే ఈ సంచిక శీర్షికను మొత్తం దానికే కేటాయించాను. పొడుగు ఉత్తరాలను కుదించాను గానీ అడిగిన మాట మార్చలేదు.

*

సార్, సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాలు సాంబ మసూరి పెట్టిన. ఎకరానికి ఒక బస్తా డీఏపీ, రెండు బస్తాల యూరియా అయిపోయినయి. చేను పొట్ట మీద ఉంది. పక్కాయన నాలుగు బస్తాల యూరియా వేసిండు. ఆయన మడి నల్లగా ఉంది, నాది లేత పచ్చగా ఉంది. చూసినోళ్లంతా నన్నే అంటున్నరు. ఇంకో బస్తా వేయమంటరా?
— వరి రైతు, సూర్యాపేట జిల్లా

వద్దు. మీ చేను ఆకలితో లేదు. ముందు లెక్క చూడండి. యూరియాలో నత్రజని 46 శాతం. ఇప్పుడు వచ్చే బస్తా 45 కిలోలది కాబట్టి ఒక్కో బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. రెండు బస్తాలకు 41.4. యాభై కిలోల డీఏపీ బస్తాలో మరో 9 కిలోలు. మొత్తం 50 కిలోల పైచిలుకు. వానాకాలంలో మీ వైపు నేలల్లో సాంబ మసూరికి ఎకరాకు 48 కిలోలు దాటనక్కర్లేదు. మీరు ఇప్పటికే ఆ హద్దు దాటారు. మీ పక్కాయన కూడా డీఏపీ వేసి ఉంటే ఆయన దాదాపు 92 కిలోలు పోశారు.

ఆయన మడి నల్లగా ఎందుకు కనిపిస్తోంది? ఆకులోని పత్రహరితం ఒక్కో అణువులో నాలుగు నత్రజని పరమాణువులుంటాయి. ఎండను పట్టి పిండిగా మార్చే ఎంజైములన్నీ మాంసకృత్తులే, వాటికీ నత్రజనే ఆధారం. ఆకులోని నత్రజనిలో సగానికి పైగా ఇవన్నీ ఉండే పచ్చని రేణువుల్లోనే ఉంటుంది. కాబట్టి నత్రజని అందిన మేరకు ఆకు వెడల్పవుతుంది, పిలకలు పెరుగుతాయి, వెన్నులో గింజల సంఖ్య కూడా పెరుగుతుంది. ఇదంతా ఒక హద్దు వరకే. హద్దు దాటాక పై ఆకులు కింది ఆకులకు ఎండ తగలనివ్వవు. ఆలస్యంగా వచ్చిన పిలకలు వెన్ను వేయవు, వేసినా తాలు పడుతుంది. కోత వెనక్కి పోతుంది. కాడ మెత్తబడి గాలివానకు చేను పడిపోతుంది.

అంతకంటే నన్ను భయపెట్టేది మరొకటుంది. మాంసకృత్తులుగా మారకుండా మిగిలిన నత్రజని ఆకు రసంలో అమైనో ఆమ్లాల రూపంలో తిరుగుతుంటుంది. సుడిదోమకు కావలసింది అదే. అలాంటి చేలో దోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది, పిల్లలు త్వరగా ఎదుగుతాయి. ఆకు పైపొరలో గట్టిదనం తగ్గి అగ్గితెగులు బూజు సులువుగా లోపలికి దిగుతుంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి అన్నానికి ఎంత పేరు తెచ్చుకుందో అగ్గితెగులుకు అంతగా లొంగిపోతుంది. పొట్ట మీదున్న చేనుకు మీరిప్పుడు బస్తా వేస్తే, వెన్ను బయటికొచ్చే వేళకు మంచు పడితే, మెడవిరుపును మీ చేత్తో మీరే పిలిచినట్టవుతుంది.

నత్రజని ఎప్పుడు వేయాలంటే, దమ్ములో ఒక వంతు, పిలకలు వేసేటప్పుడు ఒక వంతు, అంకురం దశలో ఒక వంతు. అంకురం అంటే కోతకు సుమారు 65 రోజుల ముందు. మీ రకం పంటకాలం 145 నుంచి 150 రోజులు కాబట్టి విత్తిన 80, 85 రోజుల ప్రాంతం. తల్లి పిలకను నిలువునా చీల్చి చూస్తే అడుగున దూది పోగులా తెల్లగా వెన్ను మొలక కనిపిస్తుంది. అది కనిపించిందంటే చివరి వంతు వేయాల్సిన రోజు అదే. ఆ తర్వాత వేసిన యూరియాతో గింజల సంఖ్య పెరగదు.

ఇక మీ కంటికి మరో సాయం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఆకు రంగుల పట్టిక ఒకటుంది. లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా వరసగా రంగు పలకలుంటాయి. మడిలో పది చోట్ల, పూర్తిగా విచ్చుకున్న పై ఆకును మీ నీడలో పెట్టి పలకలతో పోల్చాలి. రకాన్ని బట్టి మూడో రంగో నాలుగో రంగో హద్దు. సగానికి మించిన ఆకులు ఆ హద్దుకు దిగువన ఉంటేనే చేను అడుగుతున్నట్టు. మీ రకానికి ఏ రంగు హద్దో కృషి విజ్ఞాన కేంద్రంలో కనుక్కోండి. పక్కాయన మడితో పోల్చడం మానేసి ఆ పట్టికతో పోల్చండి. మంచి దిగుబడినిచ్చే సాంబ మసూరి చేను అంత నల్లగా ఉండదు.

మీ పక్కాయనను తప్పుపట్టడం లేదు. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరుకుతుంది, పొటాష్ దానికి ఎన్నో రెట్లు. చౌకగా దొరికేదే చేతికి ముందు తగులుతుంది. ఆ రెంటి ధరల తేడా మన పొలాలకు చేస్తున్న చేటు చిన్నది కాదు.

*

అయ్యా, దాళ్వాలో మడి నిండా నీళ్లుండగానే యూరియా చల్లేశానండి. వారమైనా చేను తేరుకోలేదు. అంత ఎరువూ ఎటు పోయిందండి?
— కౌలు రైతు, భీమవరం ప్రాంతం

మూడు దారుల్లో పోయి ఉంటుందండి. యూరియా నీళ్లలో కరిగాక నేలలోని ఒక ఎంజైము దాన్ని రెండు మూడు రోజుల్లో అమ్మోనియాగా మారుస్తుంది. మడి నీళ్లలో పాకుడు ఉంటుంది కదా, అది పగటి ఎండలో నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తే మధ్యాహ్నానికి నీళ్లు క్షారంగా మారతాయి. ఆ క్షారంలో అమ్మోనియా నిలవదు, ఆవిరై గాలిలో కలుస్తుంది. చౌడు నేలైతే ఈ నష్టం ఇంకా ఎక్కువ.

రెండో దారి కంటికి కనిపించదు. నీటి అడుగున బురదపై కొన్ని మిల్లీమీటర్ల పొరలో మాత్రమే ప్రాణవాయువు ఉంటుంది. అక్కడి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేట్ చేస్తాయి. నైట్రేట్ కిందికి దిగి ప్రాణవాయువు లేని బురదలోకి చేరగానే వేరే సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి తిరిగి గాలిలోని నత్రజనిగా వదిలేస్తాయి. దానిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు సుమారు 270 రెట్ల బలమైనది.

మూడోది మీకు బాగా తెలిసిందే. డెల్టాలో నీళ్లు మడి నుంచి మడికి గట్టు దాటి పారతాయి. మీరు చల్లిన యూరియా కొంత దిగువ మడివాళ్ల వరికి చేరి ఉంటుంది. ఖర్చు మీ కౌలు ఖాతాలో పడింది. మొత్తం మీద మాగాణిలో వేసిన యూరియాలో మొక్కకు అందేది మూడో వంతు నుంచి నలభై శాతమే.

కాబట్టి ఈసారి ఇలా చేయండి. నీళ్లు తీసేసి బురద పదునులో సమానంగా చల్లండి. 36 నుంచి 48 గంటలు ఆగి పల్చగా నీళ్లు పెట్టండి. ఆ రెండు రోజులూ కాలువ తూము కట్టేసి ఉంచండి. వీలైతే 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు నిల్వ ఉంచి చల్లండి. వేపపిండి దొరక్కపోతే 250 కిలోల చెమ్మ మట్టి కలిపినా మంచిదే. వేపలోని చేదు పదార్థాలు అమ్మోనియాను నైట్రేట్ చేసే సూక్ష్మజీవులను నెమ్మదింపజేస్తాయి. 2015 నుంచి దేశంలో అమ్మే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేసింది ఇందుకే. కానీ మడి నిండా నీళ్లుంటే ఆ పూత ఒక్కటే కాపాడలేదు.

*

నానో యూరియా అరలీటరు సీసా ఒక బస్తాకు సమానమని చెబుతున్నారు. నిజమేనా?
— యువ రైతు, ఖమ్మం జిల్లా

బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుందని పైన చెప్పాను. 2021లో వచ్చిన మొదటి సీసాలో నత్రజని 4 శాతం, అంటే అరలీటరుకు 20 గ్రాములు. ఆ తర్వాత 20 శాతానికి పెంచినా అది 100 గ్రాములే. ఒక టన్ను ధాన్యం పండించడానికి వరి నేల నుంచి 15, 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఆకు మీద పిచికారీ చేసింది వేరుకు వేసిన దానికంటే సమర్థంగా అందవచ్చు, అందులో అబద్ధం లేదు. అయినా గ్రాములు కిలోల పని చేయలేవు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రయోగాల్లో యూరియా తగ్గించి నానో వాడిన చోట గోధుమ, వరి రెంటిలోనూ దిగుబడి తగ్గింది. సీసా కొంటే కొనండి, దాన్ని నమ్మి బస్తా మానకండి.

*

సార్, బోరు కింద చెనిక్కాయ వేసినాం. నలభై దినాలైంది. చేను చాలా చోట్ల పసుపు తిరిగింది. అంగట్లో అడిగితే యూరియా వేయమన్నారు. వేయాల్నా?
— మహిళా రైతు, అనంతపురం జిల్లా

అమ్మా, వేసే ముందు ఒక్క పని చేయండి. చేనులోకి వెళ్లి ఏ ఆకు పసుపు తిరిగిందో చూడండి. మొక్కలో నత్రజని ఒక చోట నిలిచేది కాదు. కరువు వస్తే మొక్క ముసలి ఆకుల్లోని మాంసకృత్తులను విరగ్గొట్టి ఆ నత్రజనిని లేత చిగుళ్లకు పంపుకుంటుంది. అందుకే నత్రజని లోపం ఎప్పుడూ కింది ఆకుల్లో మొదలవుతుంది. మొక్కజొన్నలోనైతే కింది ఆకు కొస నుంచి నడిమి ఈనె వెంట పసుపు లోపలికి చొచ్చుకుపోతుంది. ఇనుము అలా కాదు, ఒకసారి ఆకులో చేరితే కదలదు. కాబట్టి ఇనుము లోపిస్తే కింది ఆకులు పచ్చగానే ఉండి కొత్త చిగురు పాలిపోతుంది. ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా, ముదిరితే తెల్లగా కూడా మారుతుంది.

మీ ఉత్తరంతో వచ్చిన ఫోటోలో పసుపు పైఆకుల్లోనే ఉంది. సున్నం ఎక్కువున్న నేలలో బోరు నీళ్లు ఎక్కువైన చోట ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. తడుల మధ్య ఎడం పెంచండి.

యూరియా ఎందుకు వద్దో కూడా చెప్పాలి. నాలుగైదు మొక్కల్ని గడ్డపారతో మట్టితో సహా లేపి, వేర్లు నీళ్లలో జాడించి చూడండి. వేర్ల పక్క కొమ్మల మొదట్లో చిన్న బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనిపించాలి. మన రక్తంలోని ఎరుపు పదార్థానికి దగ్గరి చుట్టమైనది ఆ బుడిపెలోనూ ఉంటుంది. అది ప్రాణవాయువును అదుపులో పెట్టి, లోపలి రైజోబియం సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టుకునేలా చూస్తుంది. 1880ల్లో హెల్‌రీగెల్, విల్ఫార్త్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు రుజువు చేసేదాకా పప్పుజాతి పైరు నేలను ఎందుకు బాగుచేస్తుందో శాస్త్రానికి తెలియదు. మన రైతులు మాత్రం అంతకుముందు నుంచే కందిని, పెసరను జొన్నలో కలిపి వేస్తున్నారు.

ఈ బుడిపెలకు మొక్క తన చక్కెర పెట్టి పోషిస్తుంది. నేలలో యూరియా విరివిగా దొరికితే ఆ ఖర్చు పెట్టదు, బుడిపెలు కట్టడం ఆపేస్తుంది. విత్తేటప్పుడు ఎకరాకు 8 నుంచి 12 కిలోల నత్రజని చాలు, అది బుడిపెలు కట్టేలోపు ఆసరాకు. పైరు పూతకొచ్చినప్పుడు మీరు వేయాల్సింది 200 కిలోల జిప్సం, కాయ గట్టిపడటానికి. బుడిపెలు లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే, వచ్చే పంటకు విత్తనానికి రైజోబియం పట్టించండి.

*

పత్తిలో మూడు రోజులు నీళ్లు నిలిచినయి. చేనంతా ఎర్రబారి పసుపైంది. యూరియా చల్లాలా?
— రైతు, ఆసిఫాబాద్ ప్రాంతం

ముందు నీళ్లు తీయండి, సాళ్ల మధ్య కాలువ తీసైనా సరే. గాలి లేని వేరు నత్రజని పక్కనే ఉన్నా తీసుకోలేదు. నేల ఆరేదాకా లీటరుకు 20 గ్రాముల యూరియా, లేదా 10 గ్రాముల 13-0-45 ఆకుల మీద పిచికారీ చేయండి. కాలు దిగబడకుండా నడవగలిగాక ఎకరాకు 30 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్ మొక్క మొదలుకు కాస్త ఎడంగా వేసి మట్టి కప్పండి.

*

సార్, యాసంగి వరి మిషన్‌తో కోయించినం. తగులబెట్టొద్దన్నరని గడ్డి కలియదున్ని వెంటనే నీళ్లు పెట్టి నాటినం. నాటు పసుపుగా మారి తిప్పుకోలేదు. తగులబెట్టినోళ్ల చేను బాగుంది. మేం చేసింది తప్పా?
— అన్నదమ్ములు, కరీంనగర్ జిల్లా

తప్పు కాదు, తొందరైంది. గడ్డిలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. ఒక పాలు నత్రజనికి 70, 80 పాళ్ల కర్బనం ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి పాతిక పాళ్ల కర్బనమే కావాలి. లోటు పూడ్చుకోవడానికి అవి నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి. ఆ కొద్ది వారాలు నాటుకు ఏమీ మిగలదు. పైగా నీళ్ల కింద గడ్డి మురిగి వెలువడే ఆమ్లాలు, వాయువులు లేత వేర్లను నల్లబరుస్తాయి. సూక్ష్మజీవులు చచ్చాక వాటి ఒంట్లోని నత్రజని మళ్లీ నేలకే వస్తుంది. నెల తర్వాత మీ చేను దానంతట అదే కొంత తేరుకునేది అందుకే.

ఇప్పటికి మడి నీళ్లు తీసి రెండు మూడు రోజులు ఆరగట్టి, పిలక దశ యూరియాను కాస్త ముందుగా వేయండి. వచ్చేసారి కోత అయిన వెంటనే, నాటుకు కనీసం మూడు వారాల ముందు, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి తడిపి కలియదున్నండి. త్వరగా మాగుతుంది.

తగులబెట్టినవాళ్ల చేను ఈ పంటకు బాగుండటం నిజమే. ఎకరాకు రెండున్నర టన్నుల గడ్డి ఉంటే అందులో 12 నుంచి 15 కిలోల నత్రజని, 30 కిలోలకు పైగా పొటాష్ ఉంటుంది. నిప్పు పెడితే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. పొటాష్ బూడిదలో మిగిలినా వానకు కొంత కొట్టుకుపోతుంది. వాళ్లకు మిగిలింది తొందరగా నాటుకునే వీలు మాత్రమే. అది చిన్న విషయమని అనను, కాలువ నీళ్ల తేదీలు మీ చేతిలో ఉండవు కదా. ఆ తేదీ తెలిసిన వెంటనే దుక్కి మొదలుపెట్టండి.

*

గాలిలో 78 శాతం నత్రజని ఉంటే మొక్కలకు మళ్లీ ఎరువు ఎందుకు?
— ఇంటర్ విద్యార్థిని, రామగుండం

మంచి ప్రశ్న తల్లీ, జవాబు మీ ఊళ్లోనే ఉంది. గాలిలోని నత్రజని పరమాణువులు రెండేసి కలిసి మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. వాటిని విడదీసే శక్తి ఏ మొక్కకూ లేదు. మెరుపు కొంత విడదీస్తుంది, వానతో నేలకు దించుతుంది. కొన్ని సూక్ష్మజీవులు విడదీస్తాయి. మనిషి 1909లో నేర్చుకున్నాడు. జర్మనీలో ఫ్రిట్జ్ హాబర్ ప్రయోగశాలలో చేసి చూపితే, కార్ల్ బాష్ దాన్ని 1913 నాటికి కర్మాగారంగా మలిచాడు. వందల రెట్ల వాతావరణ పీడనం, 400 డిగ్రీలకు పైగా వేడి కావాలి. మీ రామగుండంలో 1999లో మూతపడి 2021లో కొత్తగా మొదలైన యూరియా కర్మాగారం సహజవాయువుతో చేస్తున్న పని అదే. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తినే తిండి ఈ పద్ధతి మీదే నిలబడి ఉందని శాస్త్రజ్ఞుల అంచనా. అంత కష్టపడి తెచ్చిన నత్రజనిని మడిలో ఆవిరి కానిస్తుంటే నాకు బాధేస్తుంది.

*

మా నాన్నగారి రోజుల్లో మొలగొలుకులు పండించేవాళ్లం. ఇంటి తిండికి అర ఎకరం మళ్లీ వేద్దామని విత్తనం సంపాదించాను. కాస్త యూరియా పడితేనే పడిపోయేదని గుర్తు. ఎంత వేయాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు జిల్లా

మీ జ్ఞాపకం నిజమండి. పాత వరి రకాల కాడ పొడుగు, నత్రజని పడితే ఇంకా సాగుతుంది, వెన్ను బరువెక్కగానే పడిపోతుంది. మొక్క కూడబెట్టిన దానిలో గింజకు చేరేది మూడో వంతు లోపే, తక్కినదంతా గడ్డి. తైవాన్‌కు చెందిన ఒక పొట్టి రకంలోని జన్యువు ఈ కథను మార్చింది. కాడను పొడిగించే హార్మోను తయారీని అది తగ్గిస్తుంది. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్-8లోనూ, అంతకుముందే మన దేశానికి వచ్చిన తైచుంగ్ నేటివ్-1లోనూ ఉన్నది ఆ జన్యువే. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 పండించి చూపిస్తే, చూసి వెళ్లడానికి ఎక్కడెక్కడి రైతులో వచ్చారు. పొట్టి రకం నత్రజనిని తట్టుకుంది, తీసుకున్న దానిలో సగాన్ని గింజకు పంపింది. హరిత విప్లవంలో యూరియాకు, విత్తనానికి పెళ్లి జరిగింది ఇక్కడే. ఒకటి లేకుండా రెండోదానికి విలువ లేదు.

మీ మొలగొలుకులు ఆ పెళ్లికి ముందు రకం. దానికి యూరియా అక్కర్లేదు. ఎండాకాలం చివర్లో పశువుల ఎరువు తోలి, దుక్కి చేసి, తొలి నీటికి జీలుగ చల్లండి. అర ఎకరానికి ఆరు కిలోల విత్తనం చాలు. 40, 45 రోజులకు పూత మొదలవుతుండగా కలియదున్నండి. ముదిరితే నార ఎక్కువై కుళ్లడం ఆలస్యమవుతుంది. అయితే మీ నేల బాగా సత్తువ గలదైతే జీలుగ కూడా ఎక్కువే కావచ్చు. బాగా పెరిగిన జీలుగ ఎకరాకు పాతిక కిలోల నత్రజని ఇస్తుంది, అది బస్తాకు పైమాట. పశువుల ఎరువూ జీలుగా రెండూ పడ్డ చోట మొలగొలుకులు పడిపోతే ఆశ్చర్యం లేదు. సగం మడిలో జీలుగ వేసి, సగం వదిలి, ఈ ఏడు చూడండి. ఎలా వచ్చిందో తప్పకుండా రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.

*

మేడ మీద టమాటాలు గుబురుగా పెరిగాయి, పూత లేదు. వారానికి రెండుసార్లు వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోస్తున్నాను.
— గృహిణి, సికింద్రాబాద్

ఆ నీళ్లు ఆపండి. వేరుశనగ చెక్కలో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది. మొక్కకు ఆకులు పెంచుకోవడమే సుఖంగా ఉంది, పూత పట్టాల్సిన అవసరం కనిపించలేదు. నెలరోజులు మామూలు నీళ్లే పోయండి, కుండీలు రోజుకు ఆరు గంటల ఎండ తగిలే చోటికి మార్చండి. చెక్క నీళ్లు పల్చగా చేసి పాలకూరకు, గోంగూరకు పోసుకోండి, వాటిలో మనకు కావలసింది ఆకే.

*

మూడుసార్లు మట్టి పరీక్ష చేయించాను. ప్రతిసారీ నత్రజని 'తక్కువ' అనే వస్తుంది. ఇక పరీక్ష దేనికి?
— రైతు, ప్రకాశం జిల్లా

మన ఎండలకు నేలలోని సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది. నత్రజని నిల్వ ఉండేది దానిలోనే. అందుకే తెలుగు నేలల్లో చాలావాటికి 'తక్కువ' అనే వస్తుంది, అంటే ఎకరాకు 112 కిలోల లోపు. అలాంటప్పుడు సిఫారసు కంటే 30 శాతం పెంచాలని, 'ఎక్కువ' వస్తే 30 శాతం తగ్గించాలని పద్ధతి. కార్డులో నత్రజని గడి కంటే సేంద్రియ కర్బనం గడి చూడండి, అది అర శాతం దాటిందా లేదా అన్నదే మీ నేల ఆరోగ్యం. భాస్వరం గడిని కూడా నిర్లక్ష్యం చేయకండి, ఏళ్ల తరబడి డీఏపీ వేసిన పొలాల్లో అది పేరుకుపోయి ఉంటుంది, ఆ ఖర్చు మిగుల్చుకోవచ్చు.

కార్డుకు తోడు మీరే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. పొలంలో ఒక మూల రెండు సెంట్లకు గట్టు కట్టి, దానికి మిగతావన్నీ వేసి నత్రజని మాత్రం మానేయండి. కోతప్పుడు అక్కడి గింజలు విడిగా తూచండి. మీ నేల సొంతంగా ఎంత ఇస్తోందో, మీ యూరియా ఎంత ఇస్తోందో ఆ కాటా చెబుతుంది.

*

టమాటాకు డ్రిప్పు పెట్టాం. బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే నైట్రేట్ లీటరుకు 100 మిల్లీగ్రాములని వచ్చింది. పంటకు ఏమైనా చెడా? ఇంట్లో కూడా అవే నీళ్లు వాడుతున్నాం. మా అమ్మాయి పురిటికి వచ్చింది, బిడ్డకు మూడు నెలలు.
— కూరగాయల రైతు, మదనపల్లె ప్రాంతం

పంటకు చెడు కాదు, అది మీరు ఇదివరకే డబ్బు పెట్టి కొన్న ఎరువు. మీరూ మీ చుట్టుపక్కలవాళ్లూ ఏళ్లుగా వేసిన నత్రజనిలో మొక్క తీసుకోనిది నైట్రేటై నీటితో కిందికి దిగి బోరులో చేరింది. ఇళ్ల మరుగుదొడ్ల గుంతలు, పశువుల పెంట కూడా కారణం కావచ్చు. నైట్రేట్‌లో 22 శాతం పైచిలుకు నత్రజని. ఈ లెక్కన మీ బోరు నుంచి ప్రతి లక్ష లీటర్లతో పాటు రెండుంబావు కిలోల నత్రజని పొలానికి వస్తోంది. పంటకాలంలో ఎకరాకు 16 లక్షల లీటర్లు పెడతారనుకుంటే 36 కిలోలు, అంటే బస్తాన్నర పైన యూరియా. డ్రిప్పులో పంపే యూరియాలో ఆ మేరకు తగ్గించండి. తగ్గించకపోతే టమాటా ఆకుకు పోతుంది, కాయ మెత్తబడుతుంది, మిగిలింది మళ్లీ బోరులోకే దిగుతుంది.

బిడ్డ సంగతి మాత్రం వాయిదా వేయకండి. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆరు నెలల లోపు పసివాళ్లలో నైట్రేట్ రక్తానికి ప్రాణవాయువు మోసే గుణాన్ని దెబ్బతీస్తుంది, ఒళ్లు నీలంగా మారుతుంది. తల్లిపాలు పడుతుంటే భయం లేదు. పాలపొడి కలుపుతుంటే ఈ బోరు నీళ్లతో కలపడం ఇవాళే ఆపించండి. కాచి చల్లార్చితే నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం దాన్ని చాలా వరకు తీసేస్తుంది, లేదా పరీక్ష చేయించిన వేరే నీళ్లు తెచ్చుకోండి. బిడ్డ పెదాలు, గోళ్లు నీలి రంగు తేలినట్టు ఎప్పుడు అనిపించినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఈ నీటి పరీక్ష కాగితం చూపించండి.